వానల అనంతరం తోట శుభ్రత – సీతాకోకచిలుకల సంరక్షణ

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత తెలుగు రాష్ట్రాలలోని పండ్ల తోటలలో, పెరళ్ళలో, విద్యాసంస్థల ప్రాంగణాలలో శుభ్రత పనులు మొదలవుతాయి. వానలకు నడుము ఎత్తు పెరిగిన కలుపును కోసి, రాలిన ఆకులను ఊడ్చి, కంచెలను కత్తిరించి, ఆ చెత్తనంతటినీ ఒకచోట పోగుచేసి సాయంత్రానికి నిప్పంటించడం పరిపాటి. మరునాటికి నేల అద్దంలా కనిపిస్తుంది. ఆ మంటలో చీడపురుగులతో పాటు ఇంకా ఏమేమి కాలిపోయాయో లెక్కించే అలవాటు మాత్రం లేదు.

దక్షిణ భారతంలో సీతాకోకచిలుకలు అధికంగా కనిపించే కాలం కూడా ఇదే. వానలతో పెరిగిన లేత ఆకులపై గొంగళిపురుగులు మేస్తూ ఉంటాయి. ఎండుపుల్లలకు, ఆకుల అడుగుభాగాలకు ప్యూపాలు వేలాడుతూ ఉంటాయి. అందువల్ల ఒకే రోజున మొత్తం తోటను ఊడ్చివేస్తే గుడ్డు, లార్వా, ప్యూపా దశలు మూడూ ఒకేసారి నశిస్తాయి. అలాగని తోటను శుభ్రం చేయవద్దని చెప్పడం సస్యరక్షణ దృష్ట్యా సాధ్యం కాదు. పత్తిలో గులాబీ రంగు పురుగు, వంగలో మొవ్వు మరియు కాయతొలుచు పురుగు, వరిలో కాండం తొలుచు పురుగు ఆశ్రయం పొందేది కూడా పంట అవశేషాలలోనే. కావున ఏ అవశేషాన్ని తీసివేయాలి, దేనిని ఉంచాలి, ఎప్పుడు, ఏ విధంగా తీయాలి అన్న విచక్షణ అవసరం. "తోటను, గట్లను శుభ్రంగా ఉంచాలి" అనే ఒక్క వాక్యపు సిఫారసు ఈ విచక్షణకు చోటివ్వదు.

శీతల దేశాల సూచన, మన పరిస్థితి

ఆకురాలు కాలంలో తోటను పూర్తిగా ఊడ్చవద్దనే సూచన ఉత్తర అమెరికాలో విస్తృతంగా ప్రచారంలో ఉంది. అకశేరుకాల సంరక్షణకై 1971లో ఏర్పడిన జెర్సెస్ సొసైటీ వంటి సంస్థలు రాలిన ఆకులను అలాగే వదిలివేయాలని, ఎండిన కాండాలను వసంతం వరకు కోయరాదని కోరుతున్నాయి. దీనికి బలమైన కారణం ఉంది. అక్కడి జాతులలో అధిక భాగం దీర్ఘమైన శీతాకాలాన్ని ఏదో ఒక దశలో సుప్తావస్థలో గడుపుతాయి. ఫ్రిటిల్లరీ జాతులలో పలు రకాల చిన్న లార్వాలు రాలిన ఆకుల మధ్య, స్వాలోటెయిల్ జాతుల ప్యూపాలు ఎండిన కాండాలపై చలికాలం గడుపుతాయి. మంచు కరిగేవరకు అవి కదలలేవు కనుక ఆకులను తీయడం వాటి ఇంటిని తీయడమే అవుతుంది.

ఈ సూచనను మన ప్రాంతానికి యథాతథంగా అన్వయించడం తగదు. ఇక్కడి పరిస్థితి మూడు విధాల భిన్నమైనది. మొదటిది, మన మైదాన ప్రాంతాలలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు చాలా జాతులు సుప్తావస్థలో ఉండవు. అన్ని దశలూ ఏకకాలంలో కనిపిస్తాయి. రెండవది, ఇక్కడ కీటకాలు ఎదుర్కొనే ప్రతికూల కాలం మంచు కాదు, ఎండ. వానాకాలపు గుల్మాలు ఎండిపోయేకొద్దీ పచ్చగా మిగిలిన కొద్దిపాటి మొక్కలు, నీడలోని ఆకుల పొర విలువైన ఆశ్రయాలు అవుతాయి. మూడవది, మన పెరడుకూ పంటపొలానికీ మధ్య తరచు ఒక గట్టు మాత్రమే అడ్డు. ఇంటి వెనుక నిల్వచేసిన పత్తి కట్టె పక్క పొలానికి చీడపురుగుల నిలయం కాగలదు.

ప్రాంతాన్ని బట్టి కాలం కూడా మారుతుంది. తెలంగాణలో అక్టోబరు మధ్య తరువాత నేల ఆరడం మొదలవుతుంది. నెల్లూరు వంటి దక్షిణ కోస్తా జిల్లాలలో ఈశాన్య రుతుపవనాల వర్షాలు డిసెంబరు వరకు కొనసాగుతాయి కనుక గూడూరు ప్రాంతపు నిమ్మ తోటలకు శుభ్రత కాలం సహజంగానే వెనుకకు జరుగుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ సిఫారసు చేయడం సరికాదు.

తప్పక తొలగించవలసినవి

పారిశుధ్య చర్యలు ఎందుకు పుట్టాయో మరచిపోరాదు. 2000 సంవత్సరం వానాకాలంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు ఆశించి సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంటను దెబ్బతీసింది. నష్టం రూ.300 కోట్లకు మించింది. దీనికి కారణమైన పొగాకు స్ట్రీక్ వైరస్‌కు వయ్యారిభామ మొక్క నిలయమని, ఆ మొక్క పుప్పొడి ద్వారా, తామర పురుగుల సహాయంతో వైరస్ పంటకు చేరుతుందని తేలింది. చిన్న సీతాకోకచిలుకలు వయ్యారిభామ పూలపై వాలుతాయన్న కారణంతో దానిని గట్లపై ఉంచడం సమర్థనీయం కాదు. పూతకు ముందే వేళ్ళతో సహా పెరికివేయాలి.

అదే విధంగా ఈ క్రింది వాటి విషయంలో ఉపేక్ష పనికిరాదు.

• పత్తి: గులాబీ రంగు పురుగు లార్వాలు రాలిన కాయలలో, జంట గింజలలో, నేలలో సుప్తావస్థలో గడుపుతాయి. పంటను డిసెంబరు – జనవరికి మించి పొడిగించకుండా ముగించి, మిగిలిన కాయలను గొర్రెలు, మేకలచే మేపించి, కట్టెను ష్రెడ్డరుతో ముక్కలు చేసి నేలలో కలపాలి. వంటచెరకు కోసం గట్లపై కుప్ప వేయరాదు.

• వంగ: మొవ్వు మరియు కాయతొలుచు పురుగు రాలిన ఆకులలో, ఎండిన మొక్కల మధ్య ప్యూపాగా మారుతుంది. ఇతర చెట్ల క్రింది ఆకుల పొరకు చూపే ఔదార్యం వంగ మడికి చూపరాదు. పుచ్చిన కాయలను, వాడిన మొవ్వులను తుంచి నాశనం చేయాలి.

• వరి: కాండం తొలుచు పురుగు లార్వాలు కొయ్యకాళ్ళలో మిగులుతాయి. కోత తరువాత దున్ని నేలలో కలిపివేయాలి.

• దానిమ్మ: కాయతొలుచు పురుగు తల్లి నిజానికి ఒక సీతాకోకచిలుక. దీని లార్వా కాయలోపల గింజలను తింటూ పెరుగుతుంది. ఆశించిన, రాలిన కాయలను ఏరి నాశనం చేయడం, కాయలకు సంచులు తొడగడం అవసరం. సీతాకోకచిలుకలన్నీ హానిరహితమనే భావన ఎంత తప్పో ఈ జాతి తెలియజేస్తుంది.

• వేరుశనగ: ఎర్ర గొంగళిపురుగు ప్యూపాలు గట్ల ప్రక్కన, చెట్ల నీడన నేలలో తొలకరి వరకు నిద్రాణంగా ఉంటాయి. వీటిని వేసవి లోతు దుక్కులతో బయటపెట్టాలి. పైనున్న ఆకులను తగులబెట్టినందువల్ల లోతున ఉన్న ప్యూపాలు చావవు.

ఈ జాబితాను పరిశీలిస్తే తొలగింపు ప్రతిసారీ ఒక నిర్దిష్టమైన పంటకు, నిర్దిష్టమైన పురుగుకు సంబంధించినదని స్పష్టమవుతుంది. జాబితాలో లేని అవశేషాన్ని కాల్చివేయడానికి సస్యరక్షణ శాస్త్రంలో ఆధారం వెదకడం కష్టం.

ఉంచదగినవి

గట్లపై, కంచెల వెంట, బీడు మూలలలో పెరిగే అనేక మొక్కలు పంటలకు హాని చేయని సీతాకోకచిలుకలకు ఆహారం. జిల్లేడుపై మేసే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు నలుపు, పసుపు, తెలుపు చారలతో, మూడు జతల నల్లని పోగులతో సులభంగా గుర్తించదగినది. జిల్లేడు పాలలోని విషపదార్థాలను శరీరంలో నిల్వచేసుకోవడం వల్ల పక్షులు దీనిని తినవు. గన్నేరుపై కామన్ క్రో జాతి లార్వాలు పెరుగుతాయి. ఆకుల క్రింద వేలాడే దీని ప్యూపా పాలిష్ చేసిన లోహంలా మెరుస్తుంది. బతుకమ్మకు పూలనిచ్చే తంగేడు, దాని బంధువులైన కసివింద, రేల చెట్లు కెటోప్సిలియా ప్రజాతికి చెందిన తెలుపు, పసుపు వన్నెల సీతాకోకచిలుకలను పోషిస్తాయి. రత్నపురుష మొక్కపై టానీ కోస్టర్, నీరుగొబ్బిపై పీకాక్ పాన్సీ, గంగవాయిలి కూరపై డానాయిడ్ ఎగ్‌ఫ్లై పెరుగుతాయి.

ఎండిన మొక్కలకు కూడా విలువ ఉంది. వానల అనంతరం దక్షిణ భారతంలో టైగర్, క్రో జాతుల సీతాకోకచిలుకలు గుంపులుగా దూరప్రయాణం చేస్తాయి. ఈ జాతుల మగవి ఎండిన జనుము, గిలిగిచ్చ, నాగదంతి మొక్కలపై చేరి, సంపర్కానికి అవసరమైన రసాయనాల తయారీకై వాటిలోని ఆల్కలాయిడ్లను పీల్చుకుంటాయి. పచ్చిరొట్టకై వేసిన జనుము చేను అంచున ఒక వరుసను ఎండనిస్తే ఈ దృశ్యం విద్యార్థులు తేలికగా చూడవచ్చు.

రాలిన ఆకుల పొరలో నివసించే వాటికి ఉత్తమ ఉదాహరణ కామన్ ఈవెనింగ్ బ్రౌన్. మెలనైటిస్ లెడా అనే శాస్త్రీయ నామం గల ఈ సీతాకోకచిలుక వానాకాలపు రూపంలో రెక్కల అడుగున స్పష్టమైన కంటిచుక్కలు కలిగి ఉంటుంది. పొడికాలపు రూపంలో ఆ చుక్కలు క్షీణించి రెక్కలు అచ్చంగా ఎండుటాకును పోలి ఉంటాయి. పగలంతా ఎండుటాకుల మధ్య నిశ్చలంగా ఉండి సంధ్యవేళ ఎగురుతుంది. ఆకులు లేని ఊడ్చిన నేలపై ఈ వేషం దానికి ఉపయోగపడదు. దీని లార్వా వరి ఆకులను కొద్దిగా తిన్నప్పటికీ సాధారణంగా ఆర్థిక నష్టస్థాయికి చేరదు.

ఆకుల పొరను ఉంచడం వల్ల రైతుకు కలిగే ప్రయోజనాన్ని అతిశయోక్తి లేకుండా చెప్పడం మంచిది. పరాగసంపర్కంలో సీతాకోకచిలుకల పాత్ర తేనెటీగల పాత్ర కంటే తక్కువే. అయితే అదే పొరలో సాలెపురుగులు, నేల పెంకుపురుగులు ఆశ్రయం పొందుతాయి. గట్ల మీది హానిరహిత గొంగళిపురుగుల గుడ్లు, లార్వాలు, ప్యూపాలు పంటలేని కాలంలో బదనికలకు ప్రత్యామ్నాయ ఆతిథేయులు కాగలవు. పక్షులు తమ పిల్లలకు తెచ్చిపెట్టే ఆహారంలో గొంగళిపురుగులు ముఖ్యమైనవి. ఆకుల పొర నేలలో తేమను నిలిపి, క్రమంగా కుళ్ళి సేంద్రియ కర్బనాన్ని అందిస్తుంది. కాల్చితే ఈ ప్రయోజనాలన్నీ బూడిదతో ముగుస్తాయి.

గొంగళిపురుగును గుర్తించడం

విచక్షణతో కూడిన శుభ్రతకు గుర్తింపు నైపుణ్యం పునాది. క్షేత్రంలో ఉపయోగపడే కొన్ని సూచికలు ఇవి. సీతాకోకచిలుకలలో ఎక్కువ జాతులు గుడ్లను విడివిడిగా పెడతాయి. ఆకు అడుగున గోధుమ రంగు నూగుతో కప్పబడిన గుడ్ల సముదాయం కనిపిస్తే అది పొగాకు లద్దె పురుగుది కావచ్చు. ఆ ఆకును తుంచి నాశనం చేయాలి. సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు సాధారణంగా ఐదు జతల ఉదరపాదాలు ఉంటాయి. ఆముదాన్ని ఆశించే దాసరి పురుగులో ముందరి ఉదరపాదాలు సరిగా వృద్ధి చెందకపోవడం వల్ల అది వీపును వంచుతూ నడుస్తుంది. ఆముదంపైనే మేసే కామన్ కాస్టర్ సీతాకోకచిలుక లార్వాకు ఒళ్ళంతా కొమ్మలు గల ముళ్ళు ఉంటాయి. దీనివల్ల నష్టం స్వల్పం. ఆవ జాతి పంటలపై కనిపించే రంపపు ఈగ లార్వాకు ఎనిమిది జతల ఉదరపాదాలు ఉంటాయి. అది గొంగళిపురుగు కానేకాదు.

జీవసంబంధ మందుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకి రకపు మందు తేనెటీగలకు సురక్షితమైనప్పటికీ, అది తగిలిన ఆకును తిన్న గొంగళిపురుగు శనగపచ్చ పురుగా, ప్లెయిన్ టైగర్ లార్వానా అనే భేదం చూపదు. వేప సంబంధిత మందులు కూడా అంతే. వీటిని పంటపై మాత్రమే, అవసరం మేరకే పిచికారీ చేయాలి. కంచెలపై, గట్లపై చల్లరాదు.

నిమ్మ, కరివేపాకు – ఒకే పురుగు, రెండు నిర్ణయాలు

నిమ్మ సీతాకోకచిలుక ఈ విచక్షణను బోధించడానికి అనువైన ఉదాహరణ. పాపిలియో డెమోలియస్ అనే ఈ జాతి నిమ్మ, బత్తాయి, కరివేపాకు, మారేడు, వెలగ మొక్కల లేత చిగుర్లపై విడివిడిగా గుడ్లు పెడుతుంది. గుడ్లు 3–4 రోజులలో పొదుగుతాయి. చిన్న లార్వాలు పక్షి రెట్టను పోలి ఉంటాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారుతాయి. తాకినప్పుడు తల వెనుక నుండి రెండు పాయల అవయవాన్ని బయటకు చాచి ఘాటైన వాసన వెదజల్లుతాయి. వెచ్చని వాతావరణంలో జీవితచక్రం సుమారు ఒక నెలలో ముగుస్తుంది. చలిలో ప్యూపా దశ పొడిగించబడుతుంది. ప్యూపా పచ్చని కొమ్మపై ఆకుపచ్చగా, ఎండుపుల్లపై గోధుమ వర్ణంలో ఉంటుంది. కత్తిరించి పారవేసిన ఎండుకొమ్మలతో పాటు ఇది గమనింపబడకుండా మంటలో పడుతుంది.

నర్సరీలోని నిమ్మ మొక్కలకు, లేత తోటలకు ఈ లార్వాలు గణనీయమైన నష్టం కలిగిస్తాయి. కొద్ది సంఖ్యలో ఉన్నా మొక్కను మోడు చేయగలవు. అక్కడ చేతితో ఏరివేయడం తప్పనిసరి. ఎదిగిన చెట్టుపై అదే సంఖ్య చెప్పుకోదగిన నష్టం కాదు. ఇంటి పెరటిలోని పెద్ద కరివేపాకు చెట్టుపై నాలుగైదు లార్వాలు ఉన్నంత మాత్రాన మందు చల్లడం ఆ ఆకును వంటలో వాడే కుటుంబానికే ప్రమాదం. నర్సరీలో ఏరిన లార్వాలను, ప్యూపాలను వెంటనే నలిపివేయక సన్నని జాలీ గల పెట్టెలో కొద్దిరోజులు ఉంచితే వాటినుండి వెలువడే చిన్న బదనికలు జాలీ గుండా తోటలోకి చేరుతాయి. పెద్ద రెక్కల సీతాకోకచిలుకలు లోపలే ఉండిపోతాయి. ప్యూపాలపై పెరిగే టెరోమాలస్ వంటి బదనికల సంరక్షణకు ఇది తక్కువ ఖర్చుతో కూడిన మార్గం.

శుభ్రత పని క్రమం

1. పనికి ముందురోజు తోటను నడిచి చూడాలి. ఆకుల అడుగుభాగం, కంచె లోపలి పుల్లలు, గోడ అంచులు, మొక్క క్రింద పడిన పెంటికలు గమనించాలి. లార్వాలు, ప్యూపాలు ఉన్న మొక్కలకు రంగు దారం కట్టి పనివారికి చూపాలి.

2. మొదట పంట అవశేషాలను, తెగులు సోకిన భాగాలను, వయ్యారిభామను మాత్రమే తొలగించాలి. ఈ పనిని వాయిదా వేయరాదు.

3. మిగిలిన స్థలాన్ని మూడు భాగాలుగా విభజించి ఒక్కొక్క భాగాన్ని నాలుగైదు వారాల వ్యవధితో శుభ్రపరచాలి. చాలా జాతుల జీవితచక్రం ఒక నెలలో ముగుస్తుంది కనుక ఈ వ్యవధిలో లార్వాలు రెక్కల దశకు చేరి పక్క భాగానికి పోగలవు.

4. కలుపును నేలమట్టంగా చెక్కక ఒక జానెడు ఎత్తున కోయాలి. కోసిన మొక్కలను రెండు మూడు రోజులు అక్కడే వదిలితే గొంగళిపురుగులు ప్రక్క మొక్కలకు చేరుకుంటాయి.

5. రాలిన ఆకులను చెట్ల పాదులలో, కంచెల మొదళ్ళలో పరచాలి. నడకదారులు, ఇంటి గడప, పశువుల పాక పరిసరాలు మాత్రం శుభ్రంగా ఉంచాలి. పాముల భయాన్ని తేలికగా తీసుకోరాదు.

6. ఎండుకొమ్మలను కాల్చక ఒక మూల కుప్పగా వేసి తొలకరి వరకు ఉంచాలి. చీడ సోకిన అవశేషాన్ని ఇందులో కలపక కంపోస్టు గుంత మధ్యభాగంలో వేయాలి. సరిగా పేర్చి తిరగవేసిన కంపోస్టు కుప్పలో 55 డిగ్రీల సెల్సియస్‌ను మించే వేడికి చాలా పురుగులు చనిపోతాయి.

7. పత్తి, వంగ, దానిమ్మ తోటలను ఆనుకొని ఉన్న పెరళ్ళలో ఆ పంటల అవశేషాలను ఏ రూపంలోనూ నిల్వ ఉంచరాదు.

బోధనలో, విస్తరణలో

వ్యవసాయ కళాశాలల ప్రాంగణాలు ఈ పద్ధతికి సిద్ధంగా ఉన్న ప్రయోగశాలలు. ఒక మామిడి తోటలో ఊడ్చిన చోట, ఊడ్చని చోట 1 చదరపు మీటరు చట్రాలను పది చొప్పున ఉంచి, అందులోని ప్యూపాలు, సాలెపురుగులు, పెంకుపురుగులను విద్యార్థులు లెక్కించవచ్చు. సేకరించిన ప్యూపాలను జాలీ పెట్టెలలో ఉంచి ఎన్నింటి నుండి సీతాకోకచిలుకలు, ఎన్నింటి నుండి బదనికలు వెలువడ్డాయో నమోదు చేయవచ్చు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు పక్షానికి ఒకసారి చేసే ఈ లెక్కింపుకు ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. అయితే దీనివల్ల స్థానిక వివరాలు లభిస్తాయి. ఏ మూలను ఎప్పుడు శుభ్రపరచాలో తేదీతో సహా చెప్పగల ఆధారం ఏర్పడుతుంది.

రైతుతో మాట్లాడేటప్పుడు సీతాకోకచిలుకల అందంతో ప్రారంభించడం కంటే పని తగ్గే విషయంతో ప్రారంభించడం ఫలప్రదం. గట్టు మొత్తాన్ని చెక్కే కూలి మిగులుతుంది. ఆకులు పాదులోనే పడి ఎరువు అవుతాయి. కాల్చే శ్రమ, పొగ తప్పుతాయి. అదే సమయంలో పత్తి కట్టె, పుచ్చు వంకాయల విషయంలో రాజీ లేదని కచ్చితంగా చెప్పాలి. ఈ రెండు మాటలూ కలిసి చెప్పినప్పుడే సలహా నమ్మదగినదవుతుంది. ఒక్క సంవత్సరం సంరక్షణ పేరుతో గులాబీ రంగు పురుగుకు ఆశ్రయమిచ్చిన రైతు ఆ తరువాత అలాంటి సలహాను వినడు.

ముగింపు

తోట శుభ్రత, సీతాకోకచిలుకల రక్షణ పరస్పర విరుద్ధమైనవి కావు. విరోధం ఉన్నది ఏకకాలంలో, ఏకరూపంగా, నిప్పుతో చేసే శుభ్రతతోనే. "గట్లను శుభ్రంగా ఉంచాలి" అనే పాత సిఫారసు స్థానంలో "పంట అవశేషాలను, వయ్యారిభామను వెంటనే తొలగించాలి, మిగిలిన మొక్కలను పరిశీలించి విడతలుగా కోయాలి, రాలిన ఆకులను కాల్చరాదు" అనే మూడు వాక్యాలు కరపత్రాలలోకి రావాలి. ఈ కార్తీకంలోనే కళాశాల తోటలలో, పరిశోధన స్థానాల గట్లపై ఒక భాగంతో దీనిని ప్రారంభించి, కాల్చిన భాగంతో పోల్చి చూడటం సాధ్యమే. కంచె వెంబడి జిల్లేడు మొక్కను కోసే ముందు దాని ఆకును ఒకసారి తిప్పి చూడటం అందుకు మొదటి పని.